అడిగితే కాదనకూడదు

సంచి అడుగున ఉన్ని చొక్కా పెట్టింది అరోయిటా. దాని మీద రెండు లుంగీలు, దువ్వెన, ఉప్పుచేప పొట్లం, కొబ్బరికల్లు కాచిన పాకం సీసా. పైకి వెళ్ళాక మొదట కావాల్సింది చొక్కాయే కదా, అడుగున ఉంటే చలికి ఎలా దొరుకుతుందని అన్నీ మంచం మీద గుమ్మరించి మళ్ళీ మొదలుపెట్టింది. పొద్దుటి నుంచి ఇదే పని. ఆ సంచి ఎక్కడికి వెళ్ళాలో ఆమెకు తెలుసు. వెళ్ళనిస్తారో లేదో మాత్రం తెలియదు.

ఇంతవరకూ కథ ఇలా నడిచింది. ఆకాశంలో ధూళిపాయకు అవతల, మంచురాళ్ళ గనిలో పనికి వెళ్ళిన నలుగురు ఏడాదిగా అక్కడే చిక్కుబడి ఉన్నారు. ఆ ధూళిలో యంత్రాలకు చూపు ఆనదు. ఎండ తోపుడుకు సాగే తెరపడవను ఒంటితో తెలుసుకుంటూ నడిపే చుక్కానిమనిషి కావాలి. అలాంటివాడు మా కిరిసిమస్ దీవిలో ముసలి బరానికో ఒక్కడే మిగిలాడు. ఆ వయసు మనిషిని తోడుగా శిష్యుడు లేకుండా పంపేది లేదని రేవు పెద్ద ఉరియామ్ తేల్చేశాడు. శిష్యుణ్ణి తీసుకునేది లేదని బరానికో అంతకంటే గట్టిగా తేల్చేశాడు. రేవు బడిలో చదువు ముగించి, చుక్కాని పట్టడం నేర్పే గురువు దొరక్క తెరలు మడతపెట్టే పనిలో కూర్చున్న అరోయిటా, అతని వాకిట్లో నిలబడి నిలబడి చివరికి ఒక్క మాట అనిపించుకుని వచ్చింది: "నీకు చెప్పేదేం లేదు పిల్లా, ఇంటికి పో."

ఇంటికి పో అన్నాడు గాని, ఏ ఇంటికి? ఒనోటోవా దీవిలో వాళ్ళ ఊరుండే చోట ఇప్పుడు పోటు సమయంలో చేపలు తిరుగుతున్నాయి. అన్న ఫిజీలో, పిన్ని ఇంకెక్కడో. తల్లిని పూడ్చిన ఇసుకతిన్నె కూడా మిగల్లేదు. ఈ దీవిలో ఆమెకున్నది టెబోరా ఇంట్లో అద్దె గది ఒకటి.

ఆ టెబోరాయే ఇప్పుడు గుమ్మంలోకి వచ్చి, చేతిలో బబాయి దుంపల గిన్నెతో నిలబడి చూసింది.

"ఎవరు రమ్మన్నారే నిన్ను, సంచి కడుతున్నావు?"

"ఎవరూ రమ్మనలేదత్తా."

"మరి?"

"రమ్మన్నాక సర్దుకుందామంటే టైముండదు కదా."

"బాగుంది. పెళ్ళికొడుకు దొరక్కముందే పురుటి గుడ్డలు కుట్టినట్టుంది." టెబోరా గిన్నె మంచం మీద పెట్టి, తనూ కూర్చుంది. "తిను. ముఖం చూడు, ఎండిన చేపలా అయ్యింది. ఆ ముసలాడు కాదన్నాడంటే కాదన్నట్టే. వాడు పెళ్ళాం చావు రోజు కూడా ఎవరి మాటా వినలేదు."

అరోయిటా తినకుండా దుంపను వేళ్ళతో తుంచుతూ అడిగింది. "అత్తా, బరానికో తాత వాళ్ళ అమ్మమ్మది బెరూ దీవి అన్నావు చూడు, ఒకసారి."

"బెరూయే. కల్లుగీత టోకియా ఇంటివాళ్ళు. ఎందుకు?" అని, మాట పూర్తికాకముందే టెబోరాకు అర్థమైపోయింది. "వద్దే. వద్దు. బుబుసి అడుగుదామనా?"

అరోయిటా తల వంచుకుంది.

"అది చుట్టాలు చుట్టాల్ని అడిగేది. ఆటనుకున్నావా? నాలుక మీద ఆ మాట వచ్చిందంటే అవతలివాళ్ళు ఇచ్చి తీరాలి. మా ఆయన చెల్లెలు వచ్చి, వదినా బుబుసి, నీ కుట్టుమిషను కావాలంది. ఇచ్చానా? ఇచ్చాను. ఇవాళ్టికీ పక్కింట్లోంచి దాని చప్పుడు వింటూ చేత్తో కుట్టుకుంటున్నాను. ఇవ్వకపోతే చచ్చేదాకా ఊరు కూడే మనేబాలో తలెత్తి కూర్చోలేం."

"అందుకేనత్తా."

"నీకూ వాడికీ చుట్టరికం ఎక్కడుంది?"

"వెతికితే ఉంది."

టెబోరా ఆమెను చాలాసేపు చూసింది. బయలుదేరతానన్న పిల్లని చూసే చూపు ఒకటుంటుంది. అది ఈ దీవుల్లో పుట్టిన ఆడవాళ్ళందరికీ వచ్చు. తరవాత వంగి, ఉప్పుచేప పొట్లాన్ని ఇంకో ఆకుతో గట్టిగా చుట్టింది, వాసన చొక్కాకు పట్టకుండా.

*

మధ్యాహ్నానికి మనేబా నిండిపోయింది. ఊరందరి కప్పు అది. ఏ ఇంటివాళ్ళకు ఏ వాసం కింద చోటో తాతముత్తాతల నాడే తేలిపోయింది. పసిపిల్ల కూడా ఆ చోటికే పాక్కుంటూ వెళ్ళి కూర్చుంటుంది. అరోయిటాకు ఏ వాసమూ లేదు. చూరు దిగువన, గాలికి వాన జల్లు పడే అంచున, దారిన పోయేవాళ్ళకని వేసిన చాప మీద కూర్చోవడం ఆమెకు అలవాటు. పండగైనా, చావైనా అక్కడే. ఆమెను ఎవరూ పొమ్మనలేదు. ఇటు జరగమని కూడా అనలేదు.

నడిమధ్యన ఉరియామ్ నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు. "ఇవాళ ఎండ వాలేలోగా మన తెరపడవ బాకోవా లేవాలి. ఇవాళ లేస్తేనే ధూళిపాయ తెరుచుకునే నాలుగు రోజులకి అక్కడికి చేరుతుంది. లేకపోతే ఇంకో ఏడాది. అంతకాలానికి వాళ్ళ దగ్గర తిండి లేదు. ఇది అందరికీ తెలుసు. తాతా, ఆఖరుసారి అడుగుతున్నాను. ఒక్క శిష్యుణ్ణి ఎంచుకో."

"ఒక్కణ్ణే వెళ్తాను," అన్నాడు బరానికో. అతను తన వాసం కింద స్తంభానికి వీపు ఆనించి, మొగలాకు చుట్ట కాలుస్తున్నాడు. బక్కపలచని మనిషి. కళ్ళకు పొర కమ్మి చాలా కాలమైంది. ఆ పనికి కళ్ళు అక్కర్లేదని అతనెప్పుడూ అంటాడు.

"నడిదారిలో నువ్వు పడిపోతే చుక్కాని ఎవరు పడతారు? నలుగుర్ని తేబోయి అయిదో మనిషిని పోగొట్టుకోమంటావా?"

"పోతే పోయాను. వయసైపోయినవాణ్ణి."

"అదే వద్దంటున్నది!"

మాట మాట పెరిగింది. ముసలివాళ్ళు అటు కొందరు, ఇటు కొందరు అయ్యారు. అప్పుడు అంచు చాప మీద అరోయిటా లేచింది. మనేబాలో నిలబడి మాట్లాడటం ఆమెకు అదే మొదలు.

"నేను మాట్లాడొచ్చా?"

"మాట్లాడమ్మా, అందరూ మాట్లాడుతున్నారుగా," అన్నాడు ఉరియామ్ విసుగ్గా.

"మా అమ్మ పేరు కాటేవా. ఒనోటోవా. మా అమ్మమ్మ టియెరా, ఆమెదీ ఒనోటోవాయే. మా అమ్మమ్మ తల్లి నికునావు నుంచి వచ్చింది, పేరు బూటా. బూటా తల్లిది బెరూ. ఆమె కల్లుగీత టోకియా చిన్న కూతురు." గుక్క తిప్పుకుంది. "పెద్ద కూతురు బరానికో తాతకి అమ్మమ్మ."

తరవాత వెనకనుంచి ఎవరో నవ్వారు. "ఆ లెక్కన నా పంది కూడా తాతకి చుట్టమే. దాన్నీ బెరూ నుంచే తెచ్చాను."

మనేబా అంతా నవ్వింది. బరానికో నవ్వలేదు. చుట్ట పక్కన పెట్టి తల ఇటు తిప్పాడు.

"టోకియా ఎలా పోయాడు?"

"కొబ్బరిచెట్టు మీంచి పడి."

"ఎందుకు పడ్డాడు?"

అరోయిటా తటపటాయించింది. "గాలొచ్చి... అని మా అమ్మమ్మ చెప్పేది."

"నిజం చెప్పు."

"తాగి పడ్డాడు తాతా. తను గీసిన కల్లు తనే పైనే కూర్చుని తాగి."

"మా ఇంట్లోనూ గాలొచ్చిందనే చెప్పేవాళ్ళు," అన్నాడు బరానికో. "చుట్టానివే."

ఈసారి నవ్వులో ఎగతాళి లేదు. పందిగలాయన కూడా తల గోక్కున్నాడు. ఆ నవ్వు చల్లారకముందే అరోయిటా అనేసింది. చల్లారితే అనలేనని భయపడింది.

"తాతా, చుట్టాన్ని కాబట్టి బుబుసి అడుగుతున్నాను. నీ విద్య నాకియ్యి. బాకోవాలో నీ పక్కన చోటియ్యి."

పిల్లల్ని తల్లులు నోరు మూసి పట్టుకున్నారు. ఇంత పెద్ద వస్తువును ఇంతమంది ఎదుట ఎవరూ అడిగి ఉండరు. ఉరియామ్ చూపు ముసలాయన మీద, ముసలాయన చూపు ఎక్కడా లేదు. ఆ ముఖంలో కోపం వస్తుందని అరోయిటా ఎదురుచూసింది. వచ్చింది కోపం కాదు. పోగొట్టుకున్న వస్తువు పొరుగింట్లో కనబడితే మనిషి ముఖం ఎలా అవుతుందో అలా అయ్యింది. అప్పుడామెకు అది అర్థం కాలేదు.

"ఇచ్చాను," అన్నాడు. "విద్యా ఇచ్చాను. చోటూ ఇచ్చాను. ఇక ఆ అంచున ఎందుకు? ఇటొచ్చి కూర్చో."

ఆమె మనేబా అడ్డంగా దాటి వెళ్ళింది. జనం కాళ్ళు ముడుచుకుని దారిచ్చారు. బరానికో వాసం కింద, అతని పక్కన, ఎండిన చాప మీద కూర్చుంది. ఎవరో ఆమె చేతిలో కొబ్బరిబోండం పెట్టారు. ఎవరో ఆమె జడలో పువ్వు గుచ్చారు. దూరాన టెబోరా ముఖం లుంగీ చెంగుతో తుడుచుకోవడం కనిపించింది.

*

బాకోవా మడుగులో తేలుతోంది. లేచేటప్పుడు నిప్పుతో లేస్తుంది. గాలి అంతా దాటాక తెర విప్పుకుంటుంది. లోపల ఆరు ఆసనాలు, వాటి మధ్య పడుకోవడానికి సరిపడా ఉత్త నేల. చుక్కాని మనిషి చోటు ఆ నేలే. బరానికో తలుపు దగ్గరికి లాగి, గోడ తడుముకుంటూ వచ్చాడు.

"పడుకో. వెల్లకిలా. చొక్కా పైకి లాక్కో, వీపు తగలాలి."

పడుకుంది. రేకు చల్లగా తగిలింది.

"ఏం తెలుస్తోంది?"

"పంపుల అదురు."

"దాని కింద?"

కళ్ళు మూసుకుంది. "అలలు. తూర్పు నుంచి. పెద్దవి, మెల్లిగా."

"దాని కింద?"

చాలాసేపు వెతికింది. "ఏమీ తెలియట్లేదు తాతా."

"ఉంది. పగడాల దిబ్బకి కొట్టుకుని వెనక్కొచ్చే అల. తెలిసిందని అబద్ధమాడి ఉంటే లేపి పంపేద్దును." గొంతులో సంతోషం లాంటిది వినిపించింది. "ధూళిలో కూడా ఇంతే. ఎండ తోపుడు ఒక్కతీరుగా వస్తుంది. ధూళి తోపుడు తెగి తెగి వస్తుంది. రెండూ కలిసేచోట వెన్నులో ఓ ముడి పడ్డట్టుంటుంది. ఆ ముడి ఎడమ రెక్క కింద ఉన్నంతసేపూ దారిలో ఉన్నట్టు. నడుముకి జారిందా, రాళ్ళలోకి పోతున్నట్టు. ఇదే విద్య. మిగతాదంతా ఓపిక."

ఇంతేనా అనుకుంది, ఇంత ఉందా అనుకుంది. కళ్ళలో నీళ్ళు చెవుల్లోకి జారాయి. ఆమె లేవబోతుంటే అతను పక్కనే నేలమీద చతికిలబడ్డాడు.

"ఆసనాలెన్ని?"

"ఆరు."

"అవతల ఎంతమంది?"

"నలుగురు. నువ్వూ నేనూ కలిపితే సరిగ్గా ఆరు."

"వెళ్ళినవాళ్ళు నలుగురు," అన్నాడు బరానికో. "వాళ్ళలో మేరే నా చెల్లెలి మనవరాలు. ధూళి మూసుకునే ముందు రేడియోలో నాతో మాట్లాడింది. కడుపుతో ఉన్నాను తాతా, ఎవరికీ చెప్పకు, తెలిస్తే పనిలోంచి తీసేస్తారంది. సరేనన్నాను. తరవాతి పడవలో వచ్చేస్తుంది కదా అనుకున్నాను. తరవాతి పడవ పోలేదు. ఆ బిడ్డకిప్పుడు పాకే వయసు."

అరోయిటా లేచి కూర్చుంది. "ఒళ్ళో పెట్టుకుంటే?"

"దిగేటప్పుడు ఒళ్ళు ఎంత బరువెక్కుతుందో బడిలో నేర్చుకోలేదా? ఒళ్ళో బిడ్డ ఒళ్ళో ఉండదు."

"ఉరియామ్ బాబాయికి చెప్దాం."

"చెప్తే ఏమంటాడు? మంచివాడు. కూర్చుని మాట్లాడదామంటాడు. ఒంటరిగా మాత్రం పంపడు. వాళ్ళు మాట్లాడుకునేసరికి ఎండ వాలిపోతుంది." ఆగాడు. "శిష్యులెవరూ లేకపోతే విసిగి నన్నొక్కణ్ణే తోలేస్తాడని ఆశపడ్డాను. వాడు నాకంటే మొండి అని తెలియలేదు."

"అయితే నేను... నేనొచ్చి పాడుచేశానా?"

"పాడుచేశావా? ఈ తలుపు తెరిపించింది నువ్వు." అతని చెయ్యి గాలిలో వెతికి ఆమె మోచేతిని పట్టుకుంది. "ఈ మాట అడగడానికి నాకు ఇన్నాళ్ళూ ఎవరూ లేరు. పరాయివాళ్ళ పిల్లని అడగకూడదు. నా వాళ్ళంతా పోయారు, లేకపోతే ఆ గనిలో ఉన్నారు. ఇవాళ నువ్వు లేచి నిలబడి, ఊరందరి ఎదుట, నీకు చుట్టాన్ని అన్నావు."

ఆమెకు అప్పుడు అర్థమైంది. మనేబాలో ఆ ముఖం ఏమిటో. వల విసిరింది తానేననుకుంది. ఆ వలలో రెండు కొసలూ ఉంటాయని, చుట్టరికం అడిగినదానికి చుట్టరికం ఇవ్వడం కూడా పడుతుందని, ఆ తొందరలో ఒక్కసారి కూడా తలచుకోలేదు.

"అనొద్దు తాతా. దండం పెడతాను. ఆ మాట అనొద్దు."

"అరోయిటా, బుబుసి అడుగుతున్నాను. బాకోవాలో నీ చోటు నాకియ్యి."

పంపులు అదురుతున్నాయి. లోపల వాళ్ళిద్దరే ఉన్నారు. కాదంటే ఎవరికీ తెలియదు. ఆమెకూ, ఈ గుడ్డి ముసలాయనకూ తప్ప. చుట్టాలంటే అంతేగా, తెలిసే ఆ ఇద్దరు.

"నువ్వు పడిపోతే?" అంది. "చుక్కాని ఎవరు పడతారు?"

బరానికో ఆమె మోచేతిని ఇంకా గట్టిగా పట్టుకున్నాడు.

"నాకు ఎవరూ లేరు తాతా. నువ్వు దొరికి ఒక పూట కూడా కాలేదు."

"తెలుసు." మోచెయ్యి వదల్లేదు. "విద్య ఇచ్చానన్నాను కదా. ధూళి మొదలయ్యేదాకా రోజూ పొద్దున్నే రేడియోలో చెప్తాను. నువ్వు నేలమీద వెల్లకిలా పడుకుని విను. నా వాసం కింద పడుకో. ఎవడైనా లేవమంటే నా పేరు చెప్పు."

ఆమె ముక్కు ఎగబీల్చింది. చెయ్యి వెనక్కి తీసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, పెద్దవాళ్ళు అనేటట్టే అంది.

"ఇచ్చాను."

*

పడవ అడుగు తుడిచే ఈతగాళ్ళ కోసం కింద ఓ చిన్న తలుపుంటుంది. ఆ దారిన ఆమె మడుగులోకి దిగింది. రేవు వైపు కాకుండా, నీటి కిందుగా, దిబ్బ వైపు ఈదింది. నిప్పు రాజుకునేలోగా ఎంత దూరం పోతే అంత మంచిది. ఊపిరి తెగిపోతుందనుకునేసరికి మోకాళ్ళకు ఇసుక తగిలింది. చిన్న ఇసుకమేట, నాలుగు పీతలు, ఎండ. దాని మీద బోర్లా పడిపోయింది.

అక్కణ్ణుంచి రేవు కనిపిస్తోంది. ఊరు ఊరంతా ఒడ్డున నిలబడి ఉంది. ఆడవాళ్ళు సాగనంపే పాట ఎత్తుకున్నారు. ఆ పాటలో వెళ్ళేవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే పిలుస్తారు. ముందు బరానికో పేరు పిలిచారు. తరవాత ఆమె పేరు. అరోయిటా, అరోయిటా, ఒనోటోవా బిడ్డా, అలలు నీ వీపు నిమరనీ అంటున్నారు. టెబోరా గొంతు అందరికంటే పైన, పగిలిపోతూ వినిపించింది.

ఆమె కోసం ఎవరూ ఎప్పుడూ ఏడవలేదు. ఇవాళ ఊరంతా ఏడుస్తుంటే, ఇక్కడే ఉన్నానని చెయ్యెత్తడానికి వీల్లేదు. ఎత్తితే పడవను ఆపేస్తారు. ఇసుకలో ముఖం దాచుకుని తన వీడ్కోలు పాట తనే విన్నది.

నిప్పు వచ్చింది. మడుగు తెల్లగా పొంగింది. చప్పుడు ఆగాక తలెత్తి చూస్తే పైన ఒక గీత మాత్రం ఉంది. చాలాసేపటికి, ఎండలోనే, గీత కొసన ఓ మెరుపు విచ్చుకుంది. తెర.

ఇచ్చిన మాట ప్రకారం బరానికో రోజూ పొద్దున్నే మాట్లాడాడు. ఆమె అతని వాసం కింద వెల్లకిలా పడుకుని విన్నది. ఉరియామ్ తిట్లన్నీ తిట్టాక, తనే వచ్చి రేడియో పక్కన కూర్చునేవాడు. ధూళి మొదలైన రోజు బరానికో గొంతు, ముడి ఎడమ రెక్క కిందే ఉంది పిల్లా, అని చెప్పి తెగిపోయింది.

బాకోవా మరుసటి ఏడాది ఫిబ్రవరిలో, ఒక మంగళవారం పొద్దున, మడుగులో దిగింది. తలుపు తెరుచుకుని ముగ్గురు మగవాళ్ళు దిగారు. వాళ్ళ వెనక చంకలో బిడ్డతో మేరే దిగి, ధూళి దాటించాకే తాత కన్నుమూశాడని చెప్పింది. బరానికో తిరిగి రాలేదు. ఆ మంగళవారం రాలేదు, ఆ తరవాత ఎన్నడూ రాలేదు.